ఒకే తొట్టి, మూడు వస్తువులు: తోలుకూ కాన్వాసుకూ ఇంట్లో రంగు పట్టించడం

పోయిన శివరాత్రికి ఒంగోలు వైపు ఒక ఊరి తిరునాళ్లలో పద్యనాటకం ఆడుతున్నారని, అర్జునుడి వేషానికి కావలసిన సామగ్రి సిద్ధం చేయమని నాకు అప్పగించారు. తోలు నడికట్టు, కాన్వాసు గుడ్డతో కుట్టిన అమ్ములపొది, కత్తికి ఒర. మూడూ నల్లగా ఉండాలన్నారు. నెల్లూరులో మా పెరట్లో ప్లాస్టిక్ తొట్టి పెట్టి, వేడినీళ్లలో బట్టలకు వేసే నల్లరంగు, ఉప్పు, చాకలి సోడా కలిపి మూడింటినీ ఒకేసారి ముంచాను. రెండు గంటల తర్వాత తీసి చూస్తే మూడూ మూడు దారులు పట్టాయి. అమ్ములపొది గుడ్డ చిక్కటి నలుపు తేలింది, కానీ దాని మీది కుట్లన్నీ తెల్లగా అలాగే మిగిలాయి. నల్లటి గుడ్డ మీద బియ్యపు గింజలు వరసగా పేర్చినట్టు కనిపించాయి. నడికట్టు బూడిదరంగు మచ్చలు తేలి, ఆరేకొద్దీ ముడుచుకుని, ఎండిన కొబ్బరిమట్టలా బిగుసుకుపోయింది. ఒరను మంచినీళ్లతో కడగ్గానే పాత గోధుమరంగు తిరిగి వచ్చింది. అసలు తోలని చెప్పి ఒక దుకాణంలో అమ్మిన ఆ ఒర రెక్సిన్‌తో చేసిందని ఆ రోజు తెలిసింది.

ఆ మూడు వస్తువులూ నా దగ్గర ఇంకా ఉన్నాయి. రంగు వేయడం గురించి ఎవరు అడిగినా ముందు వాటినే చూపిస్తాను. తొట్టిలోని రంగులో ఏ లోపమూ లేదు. నూలుకు పట్టడం కోసం తయారైన రంగు అది, నూలు కనిపించిన చోట పట్టింది. నేను చూసింది మాత్రం వస్తువు ఏ రంగులోకి మారాలన్నదే, అది దేనితో తయారైందన్నది చూడలేదు. ఇంట్లో రంగు వేసేవాళ్లకు ఎదురయ్యే ఇబ్బందుల్లో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి.

అద్దకం వేరు, పూత వేరు

కొత్త బట్టలు కట్టుకునే ముందు అంచుకు పసుపు పెడతాం. ఎన్ని ఉతుకులు పడినా ఆ చుక్క ఛాయ పూర్తిగా పోదు. అదే పసుపు పెయింటు వేసిన గడపకు రాస్తే మర్నాడు తడిగుడ్డతో తుడిచేయవచ్చు. పసుపు ఒకటే, చేయీ ఒకటే. నూలు పోగులోకి పసుపు దూరి పట్టుకుంది, పెయింటు మీద దూరే దారి లేక పైనే ఉండిపోయింది.

అద్దకం అంటే మొదటిది. నీళ్లలోనో స్పిరిట్‌లోనో కరిగిపోయిన రంగు పోగుల మధ్యకు వెళ్లి, లోపలే అంటుకుంటుంది. వస్తువు మెత్తదనం, చారలు, మచ్చలు, కింద ఉన్న పాత రంగు అన్నీ పైకి కనిపిస్తూనే ఉంటాయి. పూత అంటే రెండోది. కరగని రంగు రేణువులను జిగురుతో కలిపి పైన ఒక పొరగా నిలబెడతాం. కింద ఏ రంగు ఉన్నా కప్పేస్తుంది, కానీ వంగే చోట పగుళ్లిచ్చి పొట్టు రాలే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే ఒక చిక్కు దానంతటదే విడిపోతుంది. అద్దకంతో ముదురు రంగును లేత రంగుగా మార్చలేం. పసుపుపచ్చ తోలుకు నీలం అద్దితే ఆకుపచ్చ వస్తుంది, గోధుమరంగు తోలుకు ఎరుపు అద్దితే ఇటుకరంగు వస్తుంది. అద్దకం రంగు గాజుపలక లాంటిది, కింద ఉన్నది అందులోంచి కనిపించే తీరుతుంది. నల్ల బెల్టును బంగారురంగులోకి మార్చమని అడిగితే అది పూత పనే.

ముందు వస్తువును చదవాలి

అసలు తోలా, రెక్సినా అన్నది తేల్చడానికి వాసన మీద ఆధారపడవద్దు. ఇప్పుడు రెక్సిన్‌కు కూడా తోలు వాసన పట్టిస్తున్నారు. వెనక వైపు చూడండి. రెక్సిన్‌కు వెనక నేసిన గుడ్డో, అల్లిక గుడ్డో ఉంటుంది, తోలుకు నూగులాంటి పీచు ఉంటుంది. బెల్టు రంధ్రం అంచును భూతద్దంతో చూస్తే తోలులో పీచు చిక్కులు చిక్కులుగా అల్లుకుని ఉంటుంది, రెక్సిన్‌లో ప్లాస్టిక్ పొర, గుడ్డ పొర విడివిడిగా తెలిసిపోతాయి. తోలుపొడిని జిగురుతో అట్టలా ఒత్తి, పైన ప్లాస్టిక్ పొర వేసి అమ్మే రకం మరొకటి ఉంది. అందులో తోలు ఉన్నమాట నిజమే, కానీ నీళ్లలో ముంచితే అట్టపెట్టె నానినట్టు విడిపోతుంది. దానికి పూత తప్ప మరో దారి లేదు.

తోలని తేలాక అసలు ప్రశ్న వస్తుంది: దాన్ని ఎలా పదును చేశారు, అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా ఎలా మార్చారు? నాకు ఈ సంగతి నేర్పింది నెల్లూరు ట్రంకు రోడ్డు పక్కన చెప్పులు కుట్టే ఒక పెద్దాయన. చెడిపోయిన నడికట్టు తీసుకుని వెళితే, దాని రంగు వైపు చూడనే లేదు. ఉలితో మూల దగ్గర గోరంత కోసి, ఆ కోసిన అంచును వెలుతురులో పెట్టి, “ఇది క్రోము కాదు సార్, చెక్క తోలు. దీన్ని వేడినీళ్లలో ఎవరు వేయమన్నారు?” అన్నాడు.

కోసిన అంచు లోపల కూడా గోధుమరంగులోనే ఉంటే అది చెట్టుబెరడుతో పదును చేసిన తోలు. నీలం కలిసిన బూడిదరంగు కనిపిస్తే క్రోము ఉప్పులతో పదును చేసింది. ఇప్పుడు ప్రపంచంలో తయారయ్యే తోలులో అత్యధిక భాగం క్రోముదే. చేతిసంచులు, మెత్తటి బూట్లు, జాకెట్లు అన్నీ ఇంచుమించు అదే. బెరడు తోలు గట్టిగా, నిలువుగా నిలబడుతుంది. అందుకే నడికట్లకు, ఒరలకు, కొల్హాపురీ చెప్పులకు దాన్ని వాడతారు. అంచు కూడా అద్దకంలో కలిసిపోయి తెలియకపోతే, వెనక వైపు తడివేలితో నొక్కి చూడండి. బెరడు తోలు అయితే ఆ చోటు వెంటనే ముదురుతుంది.

మన ప్రాంతానికి ఈ బెరడు పని కొత్త కాదు. ప్రకాశం మెట్ట భూముల్లో ఎటు చూసినా కనిపించే తంగేడు, పొలం గట్ల మీది నల్లతుమ్మ దక్షిణాదిలో తరతరాలుగా తోళ్లను పదును చేసిన చెట్లు. వాటి బెరడులో, కరక్కాయలో ఉండే వగరు పదార్థమే టానిన్. పచ్చి చర్మంలోని కొలాజన్ అనే మాంసకృత్తి పోగులను అది ఒకదానికొకటి కట్టేస్తుంది. అప్పుడు చర్మం కుళ్లదు, తోలు అవుతుంది. క్రోము కూడా ఆ కట్టే పనే చేస్తుంది, ఇంకా బిగువుగా. తడిగా ఉన్న బెరడు తోలు సుమారు 70 నుంచి 85 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది. క్రోము తోలు దాదాపు మరిగే నీటి వేడి దాకా ఓర్చుకుంటుంది. నా నడికట్టు ముడుచుకోవడానికి ఒక కారణం వేడి. రెండో కారణం చాకలి సోడా. దాని క్షారం టానిన్‌ను కరిగించి బయటికి లాగేస్తుంది, పోగులను ఉబ్బిస్తుంది. కట్టు తెగిన కొలాజన్ ఆరేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుని గట్టిపడుతుంది.

పదును చేయని తోలు కూడా నాటకాల సామగ్రిలో వస్తుంది. డప్పు మూత, మద్దెల మూత అలాంటివి. నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు వాడే మేకతోలు కూడా ఆ జాతిదే. దీపం వెలుతురు దాని గుండా రావాలి కాబట్టి శుభ్రం చేసి, సాగదీసి, ఆరబెట్టి, పదును పెట్టకుండానే రంగులు వేస్తారు. ఇలాంటి తోలును నీళ్లలో నానబెడితే తిరిగి పచ్చితోలులా మెత్తబడుతుంది. కుంచెతో తక్కువ తడితో రంగు వేయాలే గాని ముంచకూడదు.

కాన్వాసు దగ్గర ప్రశ్న నూలా, పాలిస్టరా అన్నది. లోపలి అంచు నుంచి ఒక్క పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని ఆరుబయట అంటించండి. నూలు కాగితంలా కాలి, మెత్తటి బూడిద మిగులుతుంది. పాలిస్టరు కరిగి నల్లటి గట్టి పూసలా తయారవుతుంది. రెండూ కలిస్తే కాలుతూనే చివర గరుకు ముద్ద మిగులుతుంది. రెక్సిన్‌ను మాత్రం కాల్చి పరీక్షించవద్దు, అది పీవీసీ అయితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చాలా చేటు. తోలునూ కాల్చవద్దు, కోసిన అంచే చాలినంత చెబుతుంది.

ఇక అన్నిటికీ పనికివచ్చే పరీక్ష ఒక నీటిబొట్టు. వస్తువు మీద బొట్టు వేసి నిమిషం ఆగండి. ఇంకిపోతే రంగు కూడా ఇంకుతుంది. తామరాకు మీద నీరులా నిలబడితే పైన ఏదో పొర ఉన్నట్టే. ఆ పొర తీసేదాకా ఏ అద్దకమూ లోపలికి పోదు.

తోలు పని

మార్కెట్లో దొరికే తోలు వస్తువులకు చాలావాటికి పైన మైనమో, ప్లాస్టిక్ రకం మెరుగో ఉంటుంది. గోళ్లరంగు తుడిచే అసిటోన్‌ను తెల్ల నూలుగుడ్డకు అద్ది ఒకే వైపుగా తుడిస్తే ఈ మెరుగు కరుగుతుంది. గుడ్డకు పాత రంగు అంటుతూ ఉంటే సరైన దారిలో ఉన్నట్టు. అరగంట ఆరనిచ్చి మళ్లీ నీటిబొట్టు వేయండి. మూడు నాలుగు సార్లు తుడిచినా బొట్టు ఇంకకపోతే ఆ మెరుగు మందంగా ఉందని అర్థం. అక్కడితో అద్దకం ఆలోచన వదిలి పూతకు వెళ్లడం మంచిది. గీకి గీకి తోలు పైపొరను చెడగొట్టుకున్నవాళ్లను చూశాను.

తోలుకు స్పిరిట్‌లో కలిపిన రంగులు లోతుగా దూరతాయి, త్వరగా ఆరతాయి, కానీ తోలులోని నూనెను లాగేస్తాయి. నీళ్ల రంగులు నెమ్మది, మృదువు, కొత్తగా చేసేవాళ్లకు తప్పు దిద్దుకునే వ్యవధి ఇస్తాయి. ఏదైనా సరే సీసాలోంచి నేరుగా పోయవద్దు. పాత బనీను గుడ్డను ఉండలా కట్టి, రంగులో ముంచి, పిండి, చిన్న చిన్న సున్నాలు చుడుతూ రాయాలి. నిలువు గీతల్లా రాస్తే ఎక్కడ చేయి ఆగిందో అక్కడ ముదురు గీత పడి ఆరినా పోదు. రంగు రాసే ముందు తోలును తడిగుడ్డతో సమంగా చెమ్మ చేస్తే (స్పిరిట్ రంగుకు ఇది అక్కర్లేదు) రంగును ఒకే చోట గుటుక్కున తాగేయదు. ఒకేసారి మందంగా రాయడంకంటే పలచగా మూడు నాలుగు సార్లు రాయడం మేలు. ఒక్కో విడతకు మధ్య పూర్తిగా ఆరాలి.

ఎంత జాగ్రత్తగా రాసినా ఒకే నడికట్టులో రెండు ఛాయలు రావచ్చు. వీపు భాగం తోలు దట్టంగా ఉంటుంది, పొట్ట భాగం వదులుగా ఉండి రంగు ఎక్కువ తాగుతుంది. ముల్లు గీసిన మచ్చ, గోమారి కరిచిన చుక్క కూడా వేరుగా తేలతాయి. నాకు అవి లోపాలుగా అనిపించవు. వనవాసంలో ఉన్న అర్జునుడి నడికట్టు కొత్త బూటులా మెరవాల్సిన పని లేదు.

నలుపు ఒక్కటే కావాలంటే, అదీ బెరడు తోలు మీద, ఇంట్లోనే చేసుకోగలిగిన పాత పద్ధతి ఒకటుంది. అది నాకు చాలా ఇష్టం. తుప్పు పట్టిన ఇనుప మేకులు గుప్పెడు, తెల్ల వెనిగర్ అర లీటరు ఒక గాజుసీసాలో వేసి వారం రోజులు ఉంచాలి. స్టీలు గిన్నెలు తోమే పీచు తుప్పు పట్టదు కాబట్టి దీనికి పనికిరాదు, మామూలు ఇనుమే కావాలి. లోపల హైడ్రోజన్ వాయువు పుడుతుంది కనుక మూత బిగించకుండా గుడ్డ కట్టాలి. వారం తర్వాత వడకట్టిన నీళ్లు లేత తుప్పురంగులో ఉంటాయి, చూస్తే నలుపు ఛాయ కూడా కనిపించదు. దాన్ని తోలు మీద రాసినప్పుడు చూడాలి. గుడ్డ వెళ్లిన దారి ముందు బూడిదరంగుకు తిరిగి, ఊపిరి తీసి వదిలేలోగా ఊదాగా మారి, కళ్ల ముందే నల్లబడుతుంది. మొదటిసారి ఇది చూసినప్పుడు మా పిల్లలు, నేను చాలాసేపు ఆ గట్టు మీదే కూర్చుండిపోయాం.

ఆ నలుపు సీసాలో లేదు, తోలులోనే పుట్టింది. ఇనుము వెళ్లి తోలులోని టానిన్‌ను కలిస్తే ఏర్పడేది అది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు గుడ్డను కరక్కాయ, పాలలో తడిపి ఆరబెట్టి, బెల్లపు నీళ్లలో ఇనుప ముక్కలు పులియబెట్టిన ద్రావణంతో నల్లగీతలు గీసేదీ ఈ సూత్రం మీదే. కరక్కాయలో టానిన్ ఉంది, ద్రావణంలో ఇనుము ఉంది. క్రోము తోలులో టానిన్ ఉండదు కాబట్టి ఈ నీళ్లు రాస్తే మురికి బూడిదరంగు తప్ప ఏమీ రాదు. బెరడు తోలు పాతబడి టానిన్ తగ్గి ఉంటే ముందుగా కరక్కాయ కషాయమో, చిక్కటి టీ డికాషనో పట్టించి ఆరాక ఇనుప నీళ్లు రాస్తే నలుపు లోతుగా వస్తుంది. అయితే ఇనుము మిగిలిపోతే తోలును ఏళ్ల తరబడి లోలోపల తినేస్తుంది, ఆమ్లం కూడా పీచును బలహీనం చేస్తుంది. అందుకే నలుపు తేలాక లీటరు నీళ్లకు చెంచా వంటసోడా కలిపి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, మళ్లీ మంచినీళ్లతో తుడవాలి. ఇక్కడ కూడా చాకలి సోడా వద్దు, మెత్తటి వంటసోడాయే కావాలి.

తర్వాత నూనె. చెప్పులకు ఆముదం రాసే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది, అదే ఇక్కడా సరిపోతుంది. నాలుగు చుక్కలు అరచేతిలో వేసి వేడెక్కేలా రుద్ది పట్టించాలి. ఎక్కువైతే జిడ్డు పైకి తేలి దుమ్ము అంటుకుంటుంది. ఒక రాత్రి ఉంచి, పొడిగుడ్డతో బాగా రుద్ది, పైన తేనెమైనమో తోలుకు వాడే పారదర్శకమైన మెరుగో వేస్తే రంగు నిలుస్తుంది.

ఆరబెట్టడం నీడలోనే. రోహిణి ఎండలో ఒంగోలు డాబా మీద పెట్టిన తడి తోలు గంటలో పెంకులా తయారవుతుంది. కార్తీకంలో, నెల్లూరు మీద వానలు కురిసే రోజుల్లో దీనికి తలకిందులు. రెండు రోజులైనా ఆరక తెల్లటి బూజు పడుతుంది. ఫ్యాను గాలి కింద దండెం మీద వేలాడదీసి, గంటకోసారి చేత్తో మెల్లగా వంచుతూ ఉంటే మెత్తగా ఆరుతుంది. ఈ పనికి పుష్య, మాఘ మాసాలే మంచివి. మన తిరునాళ్లు ఆ తర్వాతే రావడం మనకు కలిసివచ్చింది.

మంచి బెరడు తోలు ముక్కలు కావాలంటే నెల్లూరు నుంచి సుమారు 175 కిలోమీటర్ల దూరంలో ఉన్న చెన్నై పెరియమేడు వీధుల్లో చూడవచ్చు. తోలు వ్యాపారానికి ఆ పేట పెట్టింది పేరు. కోసిన అంచు చూపించమని అడిగి కొనండి.

కాన్వాసు పని

కాన్వాసు తోలుకంటే మాట వినే వస్తువు. దీన్ని చెడగొట్టేది తొందర ఒక్కటే. మగ్గం మీద పోగు తెగకుండా పట్టించిన గంజి కొత్త కాన్వాసులో ఉంటుంది. నీటిబొట్టు నిలబడుతుంది. సబ్బు, కొంచెం చాకలి సోడా వేసిన వేడినీళ్లలో రాత్రంతా నానబెట్టి ఉతికితే గంజి పోతుంది, గుడ్డ కొంత కుదించుకుపోతుంది. అందుకే కుట్టకముందే ఉతకడం, వీలైతే కుట్టకముందే రంగు వేయడం మంచిది. నా అమ్ములపొది కుట్లు తెల్లగా మిగలడానికి కారణం దారం పాలిస్టరుది కావడం. పాలిస్టరు పోగు నీళ్లను లోపలికి రానీయదు. మిల్లుల్లో ప్రత్యేకమైన రంగులతో 130 డిగ్రీల వేడిలో, ఒత్తిడి పాత్రల్లో దానికి రంగు పట్టిస్తారు. మన పెరటి తొట్టిలో అది జరిగే పని కాదు. నూలుదారంతో కుడితే గుడ్డతో పాటు దారమూ నల్లబడుతుంది, లేదా రంగు వేశాక నల్లదారంతో కుట్టుకోవాలి.

కిరాణా కొట్లలో దొరికే చిన్న రంగు పొట్లాలు ఎక్కువగా నేరురంగులు. మరిగే నీళ్లలో ఉప్పుతో పట్టిస్తారు. పోగును గట్టిగా పట్టుకోవు కనుక ప్రతి ఉతుకులో కొంత దిగుతాయి. ఒక్క రాత్రి నాటకానికి చాలు. నాలుగేళ్లు ఉండాల్సిన వస్తువుకు రియాక్టివ్ రంగులు కావాలి. 1856లో లండన్‌లో విలియం పెర్కిన్ అనే 18 ఏళ్ల కుర్రవాడు మలేరియా మందు చేయబోతే ఊదారంగు పుట్టి, కృత్రిమ రంగుల పరిశ్రమ మొదలైంది. అక్కడి నుంచి సరిగ్గా వందేళ్లకు, 1956లో ఐసీఐ కంపెనీ ప్రోసియన్ పేరుతో తెచ్చిన రంగులు నూలుతో రసాయనికంగా కలిసిపోయే మొదటి రంగులు. రంగు పోగు మీద అంటుకుని ఉండదు, పోగులో భాగమే అయిపోతుంది. వీటిలో కోల్డ్ బ్రాండ్ అని అమ్మే రకానికి 30, 40 డిగ్రీల వేడి చాలు. మన వేసవిలో పంపు నీళ్లే ఆ వేడిలో ఉంటాయి.

పావుకిలో బరువున్న అమ్ములపొదికి లెక్క చెబుతాను. నీళ్లు 5 లీటర్లు. నలుపుకు రంగు 15 నుంచి 20 గ్రాములు, ఎరుపుకో నీలానికో 10 గ్రాములు చాలు. ఉప్పు 250 గ్రాములు. సోడా యాష్ 50 గ్రాములు. ఈ చివరిదానితో ఒక చిక్కుంది. రంగుల దుకాణంలో పొడిగా దొరికే సోడా యాష్, పలుకుల్లా ఉండే చాకలి సోడా ఒకే పదార్థమే అయినా, పలుకుల్లో సగానికి పైగా బరువు నీళ్లదే. పొడి 50 గ్రాములకు బదులు తాజా పలుకులు 135 గ్రాముల దాకా కావాలి. ఈ తేడా తెలియక రంగు పాలిపోయిందని రంగును తిట్టుకుంటాం.

ముందు రంగును కొంచెం నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి తొట్టిలో పోసి, తడిపిన గుడ్డ వేసి కలపాలి. అరగంటలో ఉప్పును మూడు విడతలుగా వేయాలి. నీళ్లలో నూలుకూ రంగుకూ ఒకే రకమైన విద్యుదావేశం ఉండి ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఆ నెట్టుడును ఉప్పు తగ్గించి రంగును గుడ్డ దగ్గరికి చేరుస్తుంది. ఆ తర్వాతే సోడా. విడిగా కరిగించి, గుడ్డను పక్కకు జరిపి పోయాలి. సోడా పడిన క్షణం నుంచి రంగు నూలుతో కలవడం మొదలవుతుంది, పక్కనే ఉన్న నీళ్లతో కూడా కలిసిపోతూ ఉంటుంది. నీళ్లతో కలిసిన రంగు ఇక ఎప్పటికీ నూలుకు పట్టదు. అందుకే సోడా కలిపిన రంగునీళ్లు మర్నాటికి దాచుకుంటే ప్రయోజనం ఉండదు. గంట, గంటన్నర కలుపుతూ ఉంచి, ముందు చన్నీళ్లలో, తర్వాత సబ్బువేసిన బాగా వేడినీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. ఈ కడగడం దగ్గరే చాలామంది ఓపిక చాలించుకుంటారు. తర్వాత రంగు దిగిందని వచ్చే ఫిర్యాదులన్నీ ఆ కడగని రంగు గురించే.

నీళ్ల సంగతి మన జిల్లాల్లో తప్పకుండా చూసుకోవాలి. కనిగిరి వైపు బోరు నీళ్లు ఎంత చౌడో అక్కడి గిన్నెల అడుగున పేరుకునే తెల్లటి పెంకు చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లలోని కాల్షియం సోడాతో కలిసి సుద్దలా మారి గుడ్డ మీద పేరుకుంటుంది, నలుపు మీద బూడిద చల్లినట్టు అవుతుంది. దీనికి తోడు ఉప్పు. ఇస్కపల్లి, కనుపర్తి వైపు మడుల్లో పండే రాళ్ల ఉప్పు ఊరగాయకు ఎంత గొప్పదైనా అద్దకానికి వద్దంటాను. శుద్ధి చేయని సముద్రపు ఉప్పులో మెగ్నీషియం, కాల్షియం ఉంటాయి, మంచినీళ్లలో వేసినా వాటిని చౌడునీళ్లు చేస్తాయి. ప్యాకెట్టులో వచ్చే శుద్ధి చేసిన ఉప్పు, ఒక క్యాను ఆర్వో నీళ్లు తెచ్చుకుంటే ఈ బాధ ఉండదు. పట్టిన వానచినుకులైతే మరీ మంచిది.

కాన్వాసు బూట్లకు మాత్రం తొట్టి పద్ధతి పనికిరాదు. వేడికి అడుగు జిగురు వదులుతుంది, ఉప్పుకు దారాలు దూరే లోహపు రింగులు తుప్పు పడతాయి. రబ్బరు అంచుకు పెట్రోలియం జెల్లీ రాసి, దారాలు తీసేసి, సోడా కూడా వేసి చిక్కగా కలిపిన రంగును అప్పటికప్పుడే కుంచెతో వేసి, ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా తడి ఆరకుండా ఉంచాలి.

రెండూ కలిసిన వస్తువు, రెక్సిన్

కాన్వాసు సంచికి తోలు పట్టీలు ఉంటే అన్నిటికంటే కష్టం. కాన్వాసుకు కావలసిన సోడా తోలుకు విషం. తోలుకు వేసే స్పిరిట్ రంగు కాన్వాసు మీద ఒలికితే మచ్చగా నిలిచిపోతుంది. కుట్లు విప్పి వేరు చేసి, దేని పని దానికి చేసి మళ్లీ కుట్టించడమే సరైన దారి. విప్పలేకపోతే రెండింటికీ పూతే వేయాలి. గుడ్డ రంగులుగా స్టేషనరీ దుకాణాల్లో దొరికే ఆక్రిలిక్ రంగును నీళ్లతో పలచన చేసి కాన్వాసు మీద వేసి, ఆరాక వెనక నుంచి ఇస్త్రీ పెడితే నిలబడుతుంది. తోలు పట్టీలకు ఇస్త్రీ తగలకూడదు.

రెక్సిన్‌కు స్పిరిట్‌తో జిడ్డు తుడిచి, సన్నటి గరుకు కాగితంతో మెల్లగా రుద్ది, వంగే గుణమున్న ఆక్రిలిక్ పూతను పలచగా నాలుగు విడతలు వేయాలి. నా ఒర అలాగే నల్లబడింది. అది వంగని వస్తువు కాబట్టి పూత ఈనాటికీ పగల్లేదు. అదే నడికట్టు రెక్సిన్‌దై ఉంటే కొక్కెం దగ్గర నెలలోపే పొట్టు లేచేది.

వేషగాడి ఒంటి మీద

నాటకం సామగ్రికి ఉతుకుకంటే చెమట పెద్ద పరీక్ష. లైట్ల వేడిలో, బరువైన కిరీటం కింద, రాగం తీస్తూ నిలబడిన నటుడికి కారే చెమటలో ఉప్పు ఉంటుంది. వదులుగా ఉన్న రంగు ఆ చెమటతో బయటికి వచ్చి పట్టుపంచెకు అంటుతుంది. అద్దె పంచె అయితే ఆ నష్టం ఇంకా బాధాకరం. అందుకని ఇచ్చే ముందు తెల్ల నూలుగుడ్డను ఉప్పునీళ్లలో తడిపి పిండి, వస్తువును 20 సార్లు గట్టిగా రుద్ది చూస్తాను. గుడ్డకు రంగు అంటితే తోలు అయితే మళ్లీ పొడిగుడ్డతో రుద్ది మైనం పెట్టడం, కాన్వాసు అయితే మళ్లీ వేడినీళ్లలో కడగడం. నలుపు, ఎరుపు ఎంత కడిగినా కాస్త అంటుతూనే ఉంటాయి. ఒంటికి తగిలే వైపు రంగు వేయకుండా వదిలేయడమో, నూలుగుడ్డ అస్తరు కుట్టడమో మంచిది.

పని చేసేవాళ్ల ఒంటి సంగతి కూడా చెప్పాలి. రియాక్టివ్ రంగు పొడి పీలిస్తే కొందరికి ఉబ్బసంలాంటి ఎలర్జీ మొదలవుతుంది, ఒకసారి మొదలైతే మళ్లీ మళ్లీ వస్తుంది. పొడి కలిపేటప్పుడు ఫ్యాను ఆపి, ముక్కుకు మాస్కు, చేతులకు తొడుగులు వేసుకోండి. వంటకు వాడే గిన్నె, గరిటె దీనికి వాడవద్దు. అసిటోన్, స్పిరిట్ ఆవిరి నిప్పును దూరం నుంచే అందుకుంటుంది, పొయ్యి ఉన్న గదిలో సీసా మూత తీయవద్దు. పేరు, తయారీదారు వివరాలు లేని విడి రంగు పొట్లాలు కొనవద్దు. క్యాన్సర్ కారకాలుగా మారే ప్రమాదం ఉన్నందున బెంజిడీన్‌తో తయారయ్యే 42 రంగులనూ, మరో 70 అజో రంగులనూ మన ప్రభుత్వం 1990లలో నిషేధించింది. పేరులేని పొట్లంలో ఏముందో మనం కనిపెట్టలేం. మిగిలిన రంగునీళ్లను బావి పక్కన, చెరువు కాలవలో పోయకుండా, బాగా పలచన చేసి మురుగు కాలవలోకే వదలాలి.

చెడిన నడికట్టు స్థానంలో ఆ పెద్దాయన బెరడు తోలు పట్టీ కోసి ఇచ్చాడు. మేకుల నీళ్లతో నల్లబరిచి, ఆముదం పట్టించి, లోపల తెల్లటి అస్తరు కుట్టించాను. తిరునాళ్ల మర్నాడు తిరిగి వచ్చినప్పుడు ముందు ఆ అస్తరే చూశాను. చెమటకు పసుపుపచ్చగా మారింది గాని, ఎక్కడా నలుపు చుక్క లేదు.